పొగలత్త పారబోసిన కూర

కుట్టు కర్మాగారం గేటు దగ్గర కాపలా కాసే పెద్దాయన్ని అడిగినా ఆవిడ అసలు పేరు చెప్పలేడు. పొగలత్త అంటే మాత్రం చెయ్యెత్తి క్యాంటీన్ వైపు చూపిస్తాడు. పళ్ళెంలోంచి పొగ లేవనిదే ఆవిడ ఎవరికీ అన్నం పెట్టదు. అందుకే ఆ పేరు. "పొగ రాని కూరా, మొహం చాటేసే చుట్టమూ ఒకటేనర్రా. రెండింటినీ గుమ్మంలోనే ఆపెయ్యాలి" అనేది గరిటె ఆడిస్తూ.

క్యాంటీన్ ఇస్త్రీ విభాగం వెనకాల ఉండేది. గోడకి అవతల ఇస్త్రీ పెట్టెలు బుస్సుబుస్సుమంటుంటే ఇవతల ఆవిడ కుక్కర్లు వాటికి జవాబు చెబుతుండేవి. రెండు పెద్ద పొయ్యిలు, లోతైన సింకు, తలుపు మీద సొట్ట పడిన నిలువెత్తు ఫ్రిజ్, వడ్డించడానికి ఒక వెడల్పాటి కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే పొడుగు బల్లల ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా కనిపించేవాళ్ళు. జుట్టులో దారప్పోగులు, మెడలో కొలత టేపులు. నర్సుల కోట్లు, డ్రైవర్ల చొక్కాలు, బడి పిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి వంగిన వీపులు మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ బల్లల దగ్గర కాస్త నిటారయ్యేవి.

తను క్యాంటీన్ చేపట్టాక తన చేతి తిండి తిని ఒక్కరు కూడా కడుపు పట్టుకుని ఇంటికి పోలేదని పొగలత్తకి మహా గర్వం. ఆ మాట కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేది, పాతవాళ్ళు మర్చిపోతారేమోనని వాళ్ళకీ చెప్పేది. "అత్తా, ఆ సంగతి విని విని మా చెవులు అరిగిపోయాయి" అని బొత్తాలు కుట్టేవాళ్ళు ఏడిపిస్తే, "అరగనీండి, నా వంట అరగడమే కదా కావాల్సింది" అనేది.

కోడల్ని ఆవిడే ఏరి తెచ్చుకుంది. కాలర్లు కుట్టే బల్ల దగ్గర ఒక పిల్ల ఉండేది. కడిగిన పళ్ళెమే ఇచ్చినా మళ్ళీ కుళాయి కింద పెట్టి కడుక్కునేది. మిగతావాళ్ళు నవ్వితే పట్టించుకునేది కాదు. పొగలత్తకి ఆ పిల్ల తెగ నచ్చేసింది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే కొడుకుని ఏదో వంకన క్యాంటీన్‌కి రప్పించి చూపించింది. కొడుక్కీ నచ్చింది. పిల్లకీ నచ్చాడు, గోళ్ళల్లో గ్రీజు తప్ప. అది కడుక్కుని వస్తేనే మాట్లాడతానని షరతు పెట్టింది. పెళ్ళయింది. ఆ శుభ్రమే ఒకనాడు తన మెడకి చుట్టుకుంటుందని పొగలత్త అప్పుడు అనుకోలేదు.

కోడలు నీళ్ళోసుకుందని తెలిసిన రోజు పొగలత్త క్యాంటీన్‌లో అందరికీ తీపి పంచింది. ఆ తీపిని తినకుండా చేతిలో పట్టుకుని తిరిగిన మనిషి ఒక్కర్తే. కోడలు.

మొదట్లో వేవిళ్ళనుకున్నారు. వాంతులు తగ్గిపోయాయి, తిండి మాత్రం పెరగలేదు. సంగతేమిటంటే ఆ అమ్మాయి ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒకరు వేలు చూపించి భయపెడుతున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఇది తింటే అంతే, అది తాగితే అంతే. ఒకాయన గుడ్డు వద్దంటాడు, ఒకావిడ గుడ్డు లేకపోతే బిడ్డకి బుద్ధి రాదంటుంది. పండ్ల మీద మందులు, చేపల్లో విషం, పాలల్లో పురుగులు. ఆమె ఆపిలు పండుని ఉప్పు నీళ్ళలో ఒకసారి, మామూలు నీళ్ళలో ఒకసారి కడిగేది. కడిగాక తొక్క తీసేది. తొక్క తీశాక చేతులు కడుక్కున్నానో లేదో గుర్తురాక పండు పక్కన పెట్టేసేది. చివరికి నోట్లోకి పోయే తిండంటే కంపెనీ వాడు మూసిన బిస్కట్ల పొట్లం, తన చేత్తో తను ఒలుచుకున్న అరటిపండు. అంతే.

ఒకరోజు పొద్దున్న పొగలత్త ఉడికించిన గుడ్లు రెండు పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపింది. కోడలు ఒకటి తీసి, రెండుగా కోసి, పచ్చసొనని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"అత్తయ్యా, ఇవి ఎంతసేపు ఉడికాయి?"

"గట్టిపడేదాకా ఉడికాయి తల్లీ. గోడకేసి కొడితే గోడ పగులుతుంది. తిను."

"మధ్యలో కొంచెం మెత్తగా ఉన్నట్టుంది."

"ఆ గుడ్డుకి నువ్వు కళ్ళజోడు కూడా పెట్టేలా ఉన్నావు. నా చేతి కూడు తిని పెరిగినవాడినే కదమ్మా కట్టుకున్నావు? దుక్కలా లేడూ?"

దుక్కలాంటి మనిషి అదే బల్ల దగ్గర కూర్చుని రొట్టె నములుతున్నాడు. నమలడం ఆపేశాడు. తల్లి వైపు చూడాలో పెళ్ళాం వైపు చూడాలో తెలియక అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుని, "నేను తింటాలే ఆ గుడ్డు" అన్నాడు. ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి, "నిన్నెవరడిగారు?" అన్నారు.

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ వంట బాగోదని కాదు అత్తయ్యా. నోటిదాకా వచ్చేసరికి భయమేస్తోంది. ఏమైనా అయితే అది నేను తినడం వల్లే కదా అవుతుంది? ఆ తరవాత నేనేం చెయ్యను?"

పొగలత్త పళ్ళెం తీసి సింకులో పెట్టింది. అందరికీ అన్నం పెట్టే చెయ్యి ఇంట్లో పిల్లకి పెట్టలేకపోతే ఇంక ఆ చెయ్యెందుకు అనిపించింది. అంతకంటే లోపల ఇంకోటి కలుక్కుమంది. అదేమిటో ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో బరువు చూసే నర్సు కోడల్ని రెండుసార్లు మిషనెక్కించింది. ముల్లు కిందటిసారి ఉన్న దగ్గరికన్నా కొద్దిగా వెనకే నిలబడింది. నర్సు మరీ పెద్దదేం కాదు, నవ్వు మొహం, కానీ మాట తూకం వేసినట్టు ఉంటుంది. అత్తాకోడళ్ళిద్దరినీ తన బల్ల ముందు కూర్చోబెట్టింది.

"ఏం తింటున్నావమ్మా?"

కోడలు చెప్పింది. చెబుతుంటే తనకే ఆ తిండి ఎంత తక్కువో వినిపించినట్టుంది, సగంలో ఆగిపోయింది.

"జాగ్రత్త మంచిదే," అంది నర్సు. "కాచని పాలు, పచ్చిగా ఉన్న గుడ్డూ మాంసం, ఎప్పటినించో బయట పెట్టిన తిండి, ఇవి వద్దు. పండ్లూ ఆకుకూరలూ పారే నీళ్ళలో బాగా కడగాలి. మిగిలినదాన్ని పొగలొచ్చేదాకా వేడిచెయ్యాలి. కొన్ని రకాల పెద్ద చేపలు మాత్రం వద్దు, అవేంటో నేను చెబుతాను. అవి తప్ప మిగతావన్నీ తినొచ్చు. భయంతో తినకపోవడం జాగ్రత్త కాదమ్మా. బిడ్డకి కావల్సింది నువ్వు తింటేనే కదా అందేది?"

పొగలొచ్చేదాకా అన్న మాట వినగానే పొగలత్త కుర్చీలో కొంచెం పైకి లేచినట్టు కూర్చుంది. "నేను చెప్పేదీ అదేనండీ. నేను క్యాంటీన్ నడుపుతాను. పొగ లేకుండా ఒక్క గరిటె వడ్డించను."

"చాలా మంచి పని. మరి మిగిలిన కూర ఏం చేస్తారు?"

"పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెడతాను. వేడివేడిగా పెడితే పాడైపోతుంది కదా. సాయంత్రం దాకా మూతపెట్టి అరుగు మీదే ఉంచుతాను."

నర్సు నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "అంతసేపు వద్దమ్మా. గోరువెచ్చగా ఉన్నప్పుడే క్రిములు బాగా పెరిగేది. లోతు తక్కువ పళ్ళాల్లో పల్చగా పరిస్తే త్వరగా చల్లారుతుంది. రెండు గంటల్లోపే లోపల పెట్టెయ్యాలి."

పొగలత్త మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా తను తప్పు చేస్తోందని ఎదుటివాళ్ళ ముందు, అందులోనూ కోడలి ముందు, వినాల్సి వచ్చింది. ఇంకోరోజైతే "మా క్యాంటీన్‌లో ఒక్కరు కూడా కడుపు పట్టుకుని" అని మొదలుపెట్టేదే. ఆరోజు మాత్రం "పల్చటి పళ్ళాలంటే ఎంత లోతువి?" అని అడిగింది. నర్సు చేత్తో చూపించింది.

కోడలు రక్తం ఇవ్వడానికి పక్క గదికి వెళ్ళింది. పొగలత్త లేవలేదు. చీర చెంగు వేలికి చుడుతూ, విప్పుతూ, "మేడమ్, నాకు తెలిసినావిడ ఒకామె ఉంది," అంది. "చాలా ఏళ్ళ కిందటి మాట. తొలిచూలు మూడో నెలలో పోయింది. వీధి చివర బండి మీద వేయించిన చేప ముక్క కొనుక్కు తింది, దానివల్లే పోయిందని ఇంట్లోవాళ్ళంతా అన్నారు. నిజమేనంటారా?"

నర్సు కలం కింద పెట్టేసింది. "ఆ చేప తిని ఆవిడకి జ్వరమొచ్చిందా? విరేచనాలయ్యాయా?"

"ఏమీ లేదు. కమ్మగా ఉంది."

"మొదటి నెలల్లో పోయేవాటిలో చాలావరకు బిడ్డ మొదట్లోనే సరిగ్గా రూపు కట్టక పోతాయమ్మా. తల్లి తిన్నదానికీ, మోసిన బరువుకీ దాంతో సంబంధం ఉండదు. అప్పుడేం జరిగిందో ఇప్పుడు నేను ఖాయంగా చెప్పలేను. కానీ వేడిగా వేయించిన చేపముక్క తిని ఏ బాధా లేని మనిషిని దానికి దోషిని చెయ్యడం న్యాయం కాదు. మీకు తెలిసినావిడకి చెప్పండి. ఆవిడ తప్పు కాదని నేను చెప్పానని చెప్పండి."

"చెబుతానండీ," అంది పొగలత్త. లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. అప్పటి ఇంట్లోవాళ్ళ తరవాత భర్త కూడా పోయాక ఆ సంగతి తెలిసిన మనిషే ఈ లోకంలో లేకుండా పోయాడు. కొడుకు ఆ తరవాత పుట్టినవాడు, వాడికి తెలియదు. పొయ్యి మీద మరుగుతున్న ప్రతి గిన్నెలోనూ తను దేన్ని చంపాలని చూస్తోందో ఇన్నాళ్ళూ ఆవిడొక్కదానికే తెలుసు. నర్సు కుండలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఇచ్చింది, ఏమీ అడగకుండా.

మర్నాటి నుంచే క్యాంటీన్‌లో లోతు తక్కువ పళ్ళాలు వచ్చాయి. మిగిలిన కూరని వాటిల్లో పరిచి, ఫ్యాను కింద చల్లార్చి, ఆలస్యం చెయ్యకుండా ఫ్రిజ్‌లోకి తోసేది. పచ్చి మాంసానికి వేరే చెక్క, వేరే కత్తి పెట్టింది. "అత్తకి పరీక్షలున్నట్టున్నాయి" అని జనం నవ్వారు. "ఉన్నాయి, మా కోడలే మాస్టరు" అనేది.

ఆ మాస్టరు మాత్రం ఇంకా పాసు చెయ్యలేదు. నర్సు మాటలతో ఇంట్లో కాస్త తినడం మొదలుపెట్టింది, అదీ తన చేత్తో తను వండుకుంటేనే. గుడ్డు సొన అంచు నీలం తిరిగేదాకా ఉడికించుకునేది. క్యాంటీన్‌లో మధ్యాహ్నం మళ్ళీ అదే బిస్కట్ల పొట్లం. అందరూ అత్త వంట తింటుంటే, అత్త కోడలు మాత్రం కిటికీకి వీపు పెట్టి కూర్చుని బిస్కట్లు కొరుక్కునేది. పొగలత్తకి ఆ వీపు చూస్తే మింగలేక కక్కలేక ఉండేది. ఒక్క మాట అనలేదు. బలవంతంగా పెట్టిన ముద్ద ఒంటికి పట్టదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్న పొగలత్త వచ్చి ఫ్రిజ్ తలుపు తీసింది. చల్లగాలి మొహానికి కొట్టలేదు. లోపల దీపం వెలగలేదు. వంగి చూస్తే ప్లగ్గు ఊడి నేల మీద పడి ఉంది. ముందురోజు సాయంత్రం ఎవరో నేల తుడిచే మిషను పెట్టుకోవడానికి పీకి, తిరిగి పెట్టడం మరిచిపోయారు. ఆ రోజు కోసం ముందే వండి ఉంచిన కోడికూర పళ్ళాలన్నీ లోపలే ఉన్నాయి. పాలు, పెరుగు కూడా. పళ్ళెం అడుగున చెయ్యి పెట్టింది. చల్లగా లేదు. రాత్రంతా అలాగే ఉంది.

మూత తీసి వాసన చూసింది. కమ్మటి వాసన. రంగు మారలేదు, నురగ లేదు. సరిగ్గా ఆరోజే బట్టలు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు కర్మాగారం చూడటానికి వస్తున్నారు. మధ్యాహ్నం వాళ్ళ భోజనమూ అక్కడే. మేనేజరు అప్పటికే ఒకసారి వచ్చి, "అమ్మగారూ, ఇవాళ మన పరువు మీ చేతుల్లో ఉంది" అని వెళ్ళాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చేసరికి ఆవిడ పళ్ళాలన్నీ దించి బల్ల మీద పెట్టి నిలబడి ఉంది.

సంగతి విని మేనేజరు కూడా వాసన చూశాడు. "బానే ఉందిగా! ఇంకోసారి బాగా మరిగించెయ్యండి. పొగలు కక్కించండి. మీకు అలవాటే కదా."

"కొన్ని విషాలు మరిగించినా పోవు బాబూ. కిందటిసారి వెళ్ళినప్పుడు నర్సమ్మ చెప్పింది. పెరిగిన క్రిములు చచ్చినా, అవి వదిలిన విషం అలాగే ఉండొచ్చట."

"ఎవరికి తెలుస్తుందమ్మా? మనిద్దరికే కదా తెలుసు."

"మనిద్దరం చాలమా ఏంటి?" అంది పొగలత్త.

ఆవిడ మొదటి పళ్ళెం ఎత్తింది. పెరటి తలుపు పక్కనున్న పెద్ద చెత్త డబ్బాలోకి వంచింది. ఆ కూరలో ముందురోజు పొద్దుటి నుంచి నిలబడిన కాళ్ళ నొప్పులున్నాయి, ఉల్లిపాయలు తరిగిన కన్నీళ్ళున్నాయి. పళ్ళెం తరవాత పళ్ళెం వంచుతూనే ఉంది. పాలు సింకులో పోసేసింది. మేనేజరు చొక్కా చేతులు పైకి మడిచి ఆఖరి పళ్ళెం తనే ఎత్తాడు. "చెప్పండి, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. "గుడ్లు తెప్పించండి. పప్పు నేను ఎక్కిస్తా" అందావిడ.

భోజనం గంట కొట్టింది. వంట కాలేదు. ఆవిడ క్యాంటీన్ చరిత్రలో గంట కొట్టాక కిటికీ మూసి ఉండటం అదే మొదటిసారి. ఆకలి మీదున్న జనం గొణగడం మొదలుపెట్టారు. బయటినుంచి వచ్చిన కంపెనీ వాళ్ళు మేనేజరు పక్కన నిలబడ్డారు. కిటికీ తెరుచుకుంది. పొగలత్త గరిటె చేత్తో పట్టుకునే ఉంది. గొంతు సవరించుకుంది.

"అమ్మలారా, ఇవాళ కోడికూర లేదు. రాత్రి ఫ్రిజ్ ఆగిపోయింది. తప్పెవరిదని అడక్కండి. నిన్న ఇంటికి పోయేముందు ఫ్రిజ్ చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. కూర చూడ్డానికి బాగానే ఉంది, కానీ నాకు నమ్మకం లేదు. పారబోశాను. పప్పు, అన్నం, గుడ్లు వస్తున్నాయి. కాసేపు ఓపిక పట్టండి. కోపమొస్తే నన్ను తిట్టుకోండి, ఖాళీ కడుపుతో మాత్రం పోకండి."

ఎవరూ తిట్టలేదు. బొత్తాల బల్ల దగ్గరావిడ, "కోడికూర అంత్యక్రియలకి మమ్మల్ని పిలవలేదేం అత్తా?" అంది. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. ఆ నవ్వుల మధ్యలోనే పప్పు దిగింది.

వరసలో పళ్ళాలు జరుగుతున్నాయి. పొగలత్త తల వంచుకుని వడ్డిస్తోంది. అన్నం, పప్పు, గుడ్డు. అన్నం, పప్పు, గుడ్డు. ఒక పళ్ళెం ముందుకొచ్చింది. తడిగా ఉంది, అప్పుడే ఎవరో మళ్ళీ కడుక్కొచ్చినట్టు. ఆవిడ తలెత్తింది. కిటికీ అవతల కోడలు.

"నాక్కూడా పెట్టండి అత్తయ్యా."

పొగలత్త అన్నం పెట్టింది. పప్పు పోసింది. గుడ్డు పెట్టి, "కోసి చూసుకో తల్లీ, గట్టిగానే ఉంది" అంది.

కోడలు కోసి చూడలేదు. అక్కడే నిలబడి గుడ్డు కొరికింది. నములుతూ, "మీరు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు కదా," అంది.

"నాకు తెలుసు కదే!"

ఆ అమ్మాయి తల ఊపింది. పళ్ళెం పట్టుకుని వెళ్ళి ఈసారి కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంది. రెండోసారి అన్నం పెట్టించుకోవడానికి కూడా వచ్చింది. పొగలత్త ఆరోజు తను తినలేదు. ఆకలి వెయ్యలేదట. కోడలు తింటుంటే చూడ్డంతోనే కడుపు నిండిపోయిందని సాయంత్రం కొడుక్కి చెప్పింది. "అయితే నా వాటా గుడ్డు సంగతేంటి?" అన్నాడు వాడు.

భయం ఒక్కరోజులో పోయిందంటే అబద్ధం. ఆ తరవాత కూడా కోడలు అప్పుడప్పుడూ చెంచా ఆపి ఆలోచనలో పడేది. అలాంటప్పుడు లేచి నేరుగా వంటగదిలోకి వచ్చేది. ఏది ఎప్పుడు వండారో, ఎక్కడ పెట్టారో అడిగేది. పొగలత్త చేస్తున్న పని ఆపి చూపించేది, విసుక్కోకుండా. ఒకనాడు కోడలు అలా వచ్చినప్పుడు పొగలత్త బియ్యం కడుగుతూ, తల తిప్పకుండా, నర్సుకి చెప్పిన ఆ చేప ముక్క సంగతి చెప్పి, ఆ తెలిసినావిడ ఎవరో కూడా చెప్పేసింది. కోడలు అత్త చేతిలోంచి బియ్యం గిన్నె తీసుకుని మిగతాది తనే కడిగింది. ఇద్దరి చేతులూ తడిగా ఉన్నాయి, అలాగే కాసేపు పట్టుకుని నిలబడ్డారు.

బరువు మిషను మీద ముల్లు ముందుకి జరిగింది. నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది, బరువుగా, పుట్టిన వెంటనే ఆస్పత్రంతా వినపడేలా ఏడ్చింది. "మా క్యాంటీన్ గంట లాగే ఉంది గొంతు" అంది పొగలత్త.

పాప తల నిలిపాక నర్సు కబురు పెట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి తిండి గురించి చెబుతున్నానని, ఆ భయం పడి బయటికొచ్చినవాళ్ళు మాట్లాడితే వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని. కోడలు నాలుగు రోజులు నావల్ల కాదంది. ఐదోరోజు జుట్టు బిగించి దువ్వుకుని బయల్దేరింది.

ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్ద పొట్టలతో కొందరు, ఇంకా తెలియని పొట్టలతో కొందరు. పొగలత్త పాపని భుజాన వేసుకుని వెనక వరసలో కూర్చుంది. కోడలు ముందు నిలబడింది. "అన్నం చూసి భయపడిన మనిషిని నేను," అని మొదలుపెట్టింది. అంతే, ఇంక ఆగలేదు. ఆపిలు పండు కథ చెబితే నవ్వారు. బిస్కట్ల పొట్లం సంగతి చెబితే ముందు వరసలో ఒక పిల్ల తన సంచీలోకి చూసుకుని మొహం దించుకుంది. కోడలు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుని, మిగతాదంతా ఆ పిల్లకే చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. ఏం కడగాలి, ఏం ఉడకాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు. అనుమానమొస్తే ఫోనుని కాదు, ఎవరిని అడగాలి.

పొగలత్త పక్కన కూర్చున్న ముసలావిడ మోచేత్తో పొడిచింది. "ఎంత బాగా చెబుతోందండీ. డాక్టరా ఆ అమ్మాయి?"

"కాదండీ. కాలర్లు కుడుతుంది." పొగలత్త పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది, కాస్త వీపు నిటారుగా పెట్టి. "మా కోడలు."